గేట్‌వే పెట్టెను స్తంభానికి తగిలించడంతో పని పూర్తికాదు: ఇంధన శాఖ మంత్రి గారికి ఉద్దానం నుంచి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర ఇంధన శాఖ మంత్రి గారికి,

నమస్కారములు.

నేను శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కవిటి మండలవాసిని. ముప్పై ఏళ్లకు పైగా టెలిఫోన్ శాఖలో సాంకేతిక ఉద్యోగం చేసి రిటైరై, ఇప్పుడు మా ఊళ్లో చిన్న పిండిమిల్లు నడుపుకుంటున్నాను. స్మార్ట్ మీటర్లు కావాలా వద్దా అన్న వాదన గురించి ఈ లేఖ రాయడం లేదు. ఆ వాదనలో ఇటువైపు వారూ అటువైపు వారూ ఇద్దరూ పెద్దగా పట్టించుకోని ఒక చిన్న పెట్టె గురించి, అంటే మీటర్ల లెక్కను పోగుచేసి పైకి పంపడానికి స్తంభం మీద బిగించే వైర్‌లెస్ గేట్‌వే గురించి మీ దృష్టికి తేవాలని రాస్తున్నాను.

తమకు తెలిసిన విషయమే అయినా, చదివే మిగతావారి కోసం రెండు మాటలు చెబుతాను. స్మార్ట్ మీటరు సాధారణంగా అరగంటకోసారి వాడకాన్ని నమోదు చేస్తుంది, అంటే రోజుకు 48 లెక్కలు. కొన్ని మీటర్లలో సొంత సిమ్ ఉండి నేరుగా మాట్లాడతాయి. మా వైపు పెట్టినవి రేడియో పద్ధతివి కాబట్టి, ఒక మీటరు తన మాటను పక్క మీటరుకు, అది ఆపై మీటరుకు అందించుకుంటూ చివరకు గేట్‌వేకు చేరుస్తాయి. గేట్‌వే తనలోని సిమ్ ద్వారా ఆ మాటను కేంద్ర సర్వరుకు పంపుతుంది. పైనుంచి వచ్చే ఆజ్ఞలు, అంటే కరెంటు ఆపమనేది, తిరిగి ఇవ్వమనేది, గడియారం సరిచేసుకోమనేది కూడా ఇదే దారిలో కిందికి దిగుతాయి. దారి ఒక్కటే కాబట్టి ఆ పెట్టె మూగబోతే కొన్ని పదుల నుంచి వందల మీటర్ల వరకు ఒకేసారి మూగబోతాయి.

మా మిల్లు మీటరు విషయంలో జరిగింది అదే. వరసగా రెండు నెలలు సగటు యూనిట్లతో బిల్లు వచ్చింది. మూడో నెల రీడింగ్ అందడంతో వెనకటి బాకీ యూనిట్లన్నీ ఒకేసారి బిల్లులో పడ్డాయి. ఫోన్ చేసి అడిగితే మీటరు మాట్లాడడం లేదన్నారు, ఎందుకు మాట్లాడడం లేదో చెప్పగలిగిన వారు ఆ చివర లేరు. పాత అలవాటు పోక నేనే వెళ్లి స్తంభం కింద నిలబడి చూశాను. గేట్‌వే యాంటెన్నా స్తంభం పైన తీగలు మోసే అడ్డ ఇనుప కమ్మీకి (క్రాస్ ఆర్మ్‌కు) ఇంచుమించు ఆనుకొని, ఒక పక్కకు వాలి ఉంది, దాని చుట్టూ మూడు కొబ్బరి చెట్ల మట్టలు గొడుగు పట్టినట్టు కమ్ముకొని ఉన్నాయి. దాన్ని బిగించిన కుర్రాడి మీద నాకు కోపం లేదు, ఎన్ని పెట్టెలు బిగిస్తే అంత కూలి వచ్చే పని అతనిది. అతను వచ్చింది మండు వేసవిలో, మట్టలు కొట్టించిన వారం రోజులకు. ఆ రోజు సిగ్నల్ బాగానే ఉండి ఉంటుంది.

ఉద్దానంలో ఈ సంగతికి మరో కోణం ఉంది. ఈ రకం మీటర్లు మన దేశంలో సాధారణంగా లైసెన్సు అక్కరలేని 865–868 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాల పట్టీలో (బ్యాండులో) పనిచేస్తాయి. ఆ తరంగం పొడవు సుమారు 35 సెంటీమీటర్లు. యాంటెన్నాను ఇనుముకు అంతకన్నా దగ్గరగా పెడితే అది ఏ దిక్కుకు ఎంత పంపాలో అంత పంపలేదు. నీరు నిండిన పచ్చి ఆకు ఈ తరంగాన్ని పీల్చేసుకుంటుంది, వాన కురిసి ఆకు తడిస్తే ఇంకా ఎక్కువ. ఈ బ్యాండులో ట్రాన్స్‌మిటర్ శక్తికి 1 వాట్ పరిమితి ఉంది కాబట్టి శక్తి పెంచి ఆకును దాటడం కుదరదు, ఎత్తు పెంచో చోటు మార్చో దాటాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా తోటలను నేలమట్టం చేశాక మేము మళ్లీ నాటిన మొక్కలు ఇప్పుడు ఇంచుమించు ఎనిమిది మీటర్ల స్తంభం ఎత్తుకే తలలు లేపుతున్నాయి. ముసలి చెట్లయితే తల పైన ఉండి కింద మాను మాత్రమే అడ్డం వచ్చేది. ఈ లేత తోటల్లో మట్టల గుబురు సరిగ్గా యాంటెన్నా ఎదుట ఉంటుంది, ఏటేటా ఇంకా చిక్కబడుతుంది. ఈ సంగతి హైదరాబాదులోనో బెంగళూరులోనో కూర్చుని మ్యాపు మీద గేట్‌వే చోట్లు గుర్తించే వారికి కనబడదు, మా లైన్‌మన్‌కు కనబడుతుంది. అతన్ని ఎవరూ అడగలేదు.

నౌపడా ఉప్పుమళ్ల మీదుగా వీచే గాలికి కనెక్టర్లు ఆరు నెలలకే పచ్చగా చిలుము పడతాయి, టెలిఫోన్ డబ్బాలతో జీవితమంతా నేను పడిన బాధ అది. నీరు చొరని టేపు చుట్టకుండా వదిలేసిన యాంటెన్నా కేబుల్ ఇక్కడ ఒక్క వానాకాలం కూడా నిలవదు. ఎర్తింగ్ కూడా ఇసుక నేలలో పైపైన దించిన కడ్డీతో కుదరదు. ఎండాకాలం ఆ ఇసుక ఎండిపోయాక, పిడుగు పడితే పోయేది గేట్‌వేలోని సర్క్యూటే. కొలిచే సాధనం పెట్టి ఎర్త్ నిరోధం చూసి, ఆ అంకెను కాగితం మీద రాసి సంతకం చేస్తే తప్ప బిగింపు పూర్తయినట్టు ఒప్పుకోవద్దని మనవి.

బిగింపు కంటికి కనబడే పని, కాన్ఫిగరేషన్ కనబడదు. అందుకే తప్పులు అక్కడ ఎక్కువ. నెట్‌వర్క్ గుర్తింపు సంఖ్య, ఛానెల్, సిమ్‌కు కేటాయించిన ప్రైవేటు దారి పేరు, సర్వరు చిరునామా, ఏ మీటర్లను చేర్చుకోవాలన్న జాబితా, ఒక్కొక్క మీటరుకు విడివిడిగా ఉండే రహస్య డిజిటల్ తాళంచెవి, వీటిలో ఏ ఒక్కటి తప్పినా పెట్టె మీద పచ్చదీపం వెలుగుతూనే ఉంటుంది, లోపల సంభాషణ మాత్రం జరగదు. కాలిపోయిన మీటరు మార్చినప్పుడు కొత్త మీటరు తాళంచెవిని సర్వరులో చేర్చకపోవడం కూడా ఇలాంటి పొరపాటే. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్‌ను అలాగే వదిలేయడం అన్నిటికన్నా ప్రమాదకరం, ఎందుకంటే ఈ దారిన పోయేది లెక్క ఒక్కటే కాదు, ఊరి కరెంటును ఆపగల ఆజ్ఞ కూడా. నేను చూసిన గేట్‌వే పత్రంలో అక్షాంశ రేఖాంశాలు మా పక్క ఊరివి. రేపు అది పాడైతే బాగుచేయడానికి వచ్చేవాడు ఏ స్తంభం ఎక్కాలి?

గడియారం సంగతి చిన్నదిగా తోస్తుంది కాని అది నేరుగా డబ్బుకు ముడిపడి ఉంది. 2023లో కేంద్రం సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాల ప్రకారం, 10 కిలోవాట్లకు మించిన గరిష్ఠ డిమాండు ఉన్న వాణిజ్య, పారిశ్రామిక వినియోగదారులకు వాడకం ఎక్కువగా ఉండే పీక్ గంటల ధర సాధారణ ధరకు కనీసం 1.20 రెట్లు ఉండాలి, సౌర విద్యుత్ దొరికే పగటి గంటల్లో కనీసం 20 శాతం తగ్గాలి. పలాస జీడి ఫ్యాక్టరీ యజమాని ఆ లెక్క చూసుకొని గింజలు ఉడికించే పని పగటికి మార్చుకున్నాడనుకోండి. గేట్‌వే నుంచి సమయం అందక మీటరు గడియారం తప్పితే పగటి యూనిట్లు పీక్ ఖాతాలో పడతాయి, దాన్ని పట్టుకోవడం సామాన్యుడి వల్ల కాదు.

కాబట్టి నా మనవి ముఖ్యంగా ఒక్కటే. గేట్‌వేను ఎన్ని చోట్ల బిగించారన్న లెక్కతో కాంట్రాక్టరుకు పని పూర్తి పత్రం ఇవ్వకండి. దాని కింద ఉన్న ప్రతి మీటరు లెక్కా వరసగా ముప్పై రోజులు చేరిందని, అందులో కనీసం కొన్ని మీటర్లకు ఆపే ఆజ్ఞ, ఇచ్చే ఆజ్ఞ రెండూ పరీక్షించి చూశారని స్థానిక అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) సంతకం చేశాకే ఇవ్వండి, వానాకాలం వెళ్లాక మరోసారి చూడండి. అంతవరకు ఆ పరిధిలో ఎవరికీ ప్రీపెయిడ్ అమలు చేయవద్దు. బ్యాలెన్స్ అయిపోయి కరెంటు ఆగినవాడు రాత్రి ఎనిమిదింటికి ఫోన్‌లో డబ్బు కట్టినా, తిరిగి ఇవ్వమన్న ఆజ్ఞ చచ్చిపోయిన గేట్‌వే దగ్గరే ఆగిపోతే ఆ ఇంట్లో దీపం వెలగదు. అలాంటప్పుడు లైన్‌మనే వచ్చి మీటరు దగ్గరే కరెంటు ఇచ్చే అధికారం, పరికరం రెండూ అతని చేతిలో ఉండాలి.

రీడింగ్ మీద అనుమానం వస్తే ఫిర్యాదు అందిన ఐదు రోజుల్లో పక్కన మరో మీటరు పెట్టి కనీసం మూడు నెలలు సరిపోల్చాలని అవే హక్కుల నియమాలకు 2024లో చేసిన సవరణ చెబుతోంది. మంచి నియమమే. కాని మీటరు సరిగ్గానే ఉండి దారి చెడినప్పుడు ఈ పరీక్ష దేన్నీ పట్టుకోదు. గేట్‌వే మూగబోయిన రోజుల జాబితాను బిల్లు మీదే అచ్చువేయించండి, సగటు బిల్లు ఎందుకు వచ్చిందో చదివినవాడికి తెలుస్తుంది. ఆ రోజుల బాకీ యూనిట్లను ఒకేసారి కాక వాయిదాల్లో కట్టించుకోండి.

తుపాను హెచ్చరిక వెలువడినప్పటి నుంచి సరఫరా పూర్తిగా కుదుటపడే వరకు మా తీర మండలాల్లో దూరం నుంచి కనెక్షన్ ఆపే ఆజ్ఞలన్నీ నిలిపివేస్తూ ఉత్తర్వు ఇవ్వాలని కూడా కోరుతున్నాను. తిత్లీ అప్పుడు స్తంభాలే పడిపోయాయి. ఈసారి వాటితో పాటు గేట్‌వేలూ పడతాయి. ఒకవేళ నిలిచినా వాటిలోని బ్యాటరీ కొద్ది గంటలకు మించి రాదు.

మా ఊరి గేట్‌వేను నా ఫిర్యాదు మీద ఈ మధ్య రోడ్డు అవతలి స్తంభానికి మార్చారు. ఇప్పుడు మిల్లు లెక్క రోజూ వెళుతోంది. పాత స్తంభం కింద ఉన్న తోటలోని ఏడు ఇళ్ల మీటర్లకు మాత్రం ఇప్పుడు కొత్త చోటు దూరమై సిగ్నల్ అందడం లేదు. వాటికి మధ్యలో సిగ్నల్‌ను అందుకొని ముందుకు పంపే ఒక రిపీటరు కావాలని రాతపూర్వకంగా ఇచ్చాను. దాని నకలును ఈ లేఖతో జత చేస్తున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు,
కవిటి మండల విద్యుత్ వినియోగదారుడు