గోదావరి ఎత్తుల డేటాబేస్ పనిపై ఫిర్యాదు

రాజమహేంద్రవరం,
జూన్ 9.

సర్వీస్ విభాగం మేనేజర్ గారికి,

విషయం: గోదావరి పరీవాహక ప్రాంతపు ఎలివేషన్ (నేల ఎత్తుల) డేటాను మ్యాపుల డేటాబేస్ అయిన పోస్ట్‌జీఐఎస్‌లో అమర్చే పనిలో లోపాలు - తిరిగి చేసి ఇవ్వాలని కోరడం గురించి.

అయ్యా,

మాది ముగ్గురు పనిచేసే చిన్న మ్యాపింగ్ ఆఫీసు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. అప్పటి నుంచి ఏ ఊళ్లోకి ఎంతదాకా నీళ్లు వస్తాయో చూపించే మ్యాపులే మాకు ప్రధానమైన పని. అందుకు కావలసిన నేల ఎత్తుల డేటాను డేటాబేస్‌లో పద్ధతిగా సర్ది ఇమ్మని ఫిబ్రవరిలో మీకు వర్క్ ఆర్డర్ ఇచ్చి, అరవై శాతం అడ్వాన్సు కూడా కట్టాం. మే నెలాఖరున పని పూర్తయిందని మీ మెయిల్ వచ్చింది. పూర్తి కాలేదు.

మొదటి రోజే సరదాకి మా ఆఫీసు ఉన్న వీధి ఎత్తు ఎంతో అడిగి చూశాం. ఒక్క పాయింటుకి రెండు జవాబులు వచ్చాయి. ఒకటి 14 మీటర్లు, రెండోది మైనస్ 60కి దగ్గర. మీరు డేటాతోపాటు ఇచ్చిన రిపోర్టు ఫంక్షన్ ఈ రెండిటికీ సగటు కట్టి మైనస్ 23 అని తేల్చింది. అదే నిజమైతే గోదావరి మా ఊరి పక్కనుంచి కాదు, మా నెత్తి మీదుగా పోవాలి. మీ ఇంజినీర్ గారికి ఫోన్ చేస్తే "ఎలివేషన్‌లో నెగెటివ్ రావడం నార్మలే సార్" అన్నారు.

నార్మల్ కాదు. ఎస్‌ఆర్‌టీఎం (అమెరికా షటిల్ రాడార్‌తో కొలిచిన డేటా) ఎత్తులు ఈజీఎం96 జియోయిడ్ నుంచి, అంటే దాదాపు సముద్రమట్టం నుంచి కొలిచినవి. కార్టోడెమ్ (ఇస్రో ఉపగ్రహ చిత్రాల నుంచి తయారైన డేటా) ఎత్తులు డబ్ల్యూజీఎస్84 ఎలిప్సాయిడ్ నుంచి, అంటే భూమి ఆకారానికి లెక్కగా గీసిన నునుపైన ఉపరితలం నుంచి కొలిచినవి. మన తీరంలో జియోయిడ్ ఆ ఎలిప్సాయిడ్ కన్నా 70 మీటర్ల అటూ ఇటూగా కిందికి ఉంటుంది. కాబట్టి కార్టోడెమ్‌లో మా ఊరు మైనస్‌లో కనిపించడం దాని తప్పు కాదు, దాని కొలత అది. జియోయిడ్ తేడా సరిచేయకుండా రెండిటినీ ఒకే టేబుల్లో, ఒకే కాలమ్‌లో కలిపేయడం మీ తప్పు. డేటాబేస్‌లో ఎస్ఆర్ఐడీ (కోఆర్డినేట్ పద్ధతిని చెప్పే నంబరు) 4326 అని రాసినంత మాత్రాన ఎత్తుల సంగతి తేలదు. అది అక్షాంశ రేఖాంశాల గురించి మాత్రమే చెబుతుంది.

పోనీ మేమే విడదీసుకుందామంటే, ఏ వరస ఏ ఫైలు నుంచి వచ్చిందో చెప్పే కాలమ్ అసలు లేదు. లోడ్ చేసే కమాండులో మైనస్ ఎఫ్ (పెద్ద ఎఫ్) అని ఒక్క అక్షరం కలిపితే ఫైలు పేరు దానంతటదే వచ్చి కూర్చునేది. డెల్టాలో అయితే మైనస్ గుర్తు చూసి కార్టోడెమ్ అని పోల్చుకున్నాం. గోదావరి పుట్టిన నాసిక్ వైపు నేలే ఐదారొందల మీటర్ల ఎత్తు, అక్కడ రెండూ ప్లస్‌లోనే ఉంటాయి. ఏది ఏదో ఎవరు చెప్పాలి?

ఇక వేగం సంగతి. ఒక్కో ఎస్‌ఆర్‌టీఎం ఫైలు ఒక డిగ్రీ చదరం. అందులో 3601 వరసలు, 3601 నిలువులు, మొత్తం కోటీ ముప్ఫై లక్షల గళ్లకు కాస్త తక్కువ. గడికి రెండు బైట్ల చొప్పున సుమారు 26 ఎంబీ. మీరు ఫైలును ముక్కలు చేయకుండా టేబుల్లో ఒకే వరసగా దించేశారు. ఇండెక్స్ పెట్టామని మీ మెయిల్లో గొప్పగా రాశారు, పెట్టారు కూడా. కానీ ఊరంతటికీ ఒకే డోర్ నంబర్ ఇచ్చాక పోస్ట్‌మ్యాన్ ఎంత చురుకైనవాడైతే ఏం లాభం? ఒక్క గడి విలువ కావాలన్నా డేటాబేస్ ఆ 26 ఎంబీల వరసనంతా విప్పాల్సి వస్తోంది. దీనికి మీరు చెప్పిన మందు ర్యామ్ పెంచుకోమని.

ఈ ఫైళ్ల గురించే ఇంకో మాట. పక్కపక్క ఎస్‌ఆర్‌టీఎం ఫైళ్లు అంచున ఒక వరసను ఉమ్మడిగా పంచుకుంటాయి. 3600 కాకుండా 3601 ఉండేది అందుకే. 17 డిగ్రీల అక్షాంశం సరిగ్గా మా రాజమండ్రి మీదుగా పోతుంది. అంటే ఊరు సగం ఎన్16ఈ081 ఫైల్లో, సగం ఎన్17ఈ081 ఫైల్లో ఉంది. కార్టోడెమ్‌ను పక్కన పెట్టి చూసినా ఆ రేఖ మీద 30 మీటర్ల పట్టీలో ఉన్న ఇళ్లన్నీ మా ముంపు జాబితాలో రెండేసి సార్లు పడ్డాయి. ఒకే డోర్ నంబరు కింద ఒకటి, పైన ఒకటి. జాబితా అచ్చు వేశాక మా కుర్రాడు చూశాడు కాబట్టి సరిపోయింది, అదే బయటికి వెళ్లి ఉంటే మా పరువు పోయేది. 82 డిగ్రీల రేఖాంశం అమలాపురం పక్కనుంచి పోతుంది, అక్కడా ఇదే తంతు.

డేటా లేని గళ్లలో మీరు సున్నా నింపారు. కొండ ప్రాంతంలో ఆ సున్నాను పట్టుకోవచ్చు. కోనసీమలో సున్నా అంటే నిజమైన ఎత్తే. సముద్రపు ఒడ్డు ఏదో, ఖాళీ ఏదో తెలియకుండా పోయింది.

రెండో టేబుల్ గురించి రాయడానికి నాకే మొహమాటంగా ఉంది. అందులో రాస్టర్, అంటే ఎత్తుల గళ్ల డేటా లేదు. ఫైళ్లు బయట ఉంచి వాటి దారి మాత్రమే నమోదు చేశారు. ఆ పద్ధతి ఉంది, తప్పేమీ కాదు. కానీ ఆ దారి మీ ఆఫీసులో ఎవరిదో కంప్యూటర్ డీ డ్రైవ్‌లో "న్యూ ఫోల్డర్ 2"కి పోతోంది.

న్యాయంగా మాట్లాడాలి కాబట్టి మీది కానిదీ చెబుతాను. కోనసీమ కొబ్బరి తోటల్లో ఎత్తు అసలు నేల కన్నా ఎక్కువ చూపిస్తోందని మొదటి మెయిల్లో మేం రాశాం. అది వెనక్కి తీసుకుంటున్నాం. 2000 ఫిబ్రవరిలో ఎండెవర్ షటిల్ నుంచి కొలిచిన ఆ రాడార్ తరంగం మట్టల మధ్యే ఎక్కడో ఆగి వెనక్కి తిరిగింది, దానికి మీరేం చేస్తారు.

మాకు కావలసింది ఇది. ఎస్‌ఆర్‌టీఎంకి ఒక టేబుల్, కార్టోడెమ్‌కి ఒక టేబుల్ విడిగా పెట్టండి. ఎత్తు దేని నుంచి కొలిచిందో టేబుల్ కామెంట్లో రాయండి. ఎస్‌ఆర్‌టీఎం ప్రతి ఫైల్లో ఒకే వైపు నుంచి ఉమ్మడి వరసను, నిలువును తీసేస్తే 3600 మిగులుతుంది. దాన్ని 240 చొప్పున ముక్కలు చేస్తే ఫైలుకి టేబుల్లో 225 వరసలు, ఒక్కోటి 115 కేబీకి అటూ ఇటూగా వస్తాయి. అంచున సన్నటి పీలికలు మిగలవు. ఫైలు పేరు కాలమ్, సరైన నోడేటా విలువ (డేటా లేని గడికి గుర్తు), తప్పు డేటా పడకుండా ఆపే కన్‌స్ట్రెయింట్లు, దూరం నుంచి చూసే మ్యాపుల కోసం ఓవర్‌వ్యూలు ఉండాలి. వీటన్నిటికన్నా ముఖ్యంగా లోడ్ చేసిన స్క్రిప్టు మాకు ఇవ్వాలి. అది వర్క్ ఆర్డర్లో ఉంది, మీరు ఇవ్వలేదు.

ధవళేశ్వరంలో మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకు ఇస్తారు. జులై వస్తే ఆ అంకె ఎప్పుడు దాటుతుందో ఎవరూ చెప్పలేరు. కాబట్టి జూన్ 24లోగా పని సరిచేసి ఇవ్వండి. కుదరదంటే ఇప్పుడే చెప్పి, అడ్వాన్సు వాపసు పంపండి. మిగిలిన నలభై శాతం బిల్లు అప్పటిదాకా ఆపి ఉంచుతున్నాం.

మేం నడిపిన క్వెరీలు, వాటి ఫలితాలు, ఇళ్లు రెండుసార్లు పడ్డ ఆ జాబితా పేజీ జతచేశాం. మీ ఇంజినీర్ గారు ఫోన్ చేయాలనుకుంటే పదిన్నర తర్వాత చేయమనండి. ర్యామ్ మాత్రం పదహారు నుంచి అరవై నాలుగు చేశాం, తేడా ఏమీ లేదు.

ఇట్లు,
ఆఫీసు నిర్వాహకుడు