బదులు నేల ఏ సర్వే నంబరులో ఉంది?

సంపాదకుడు గారికి,

రాజధాని అమరావతికి రెండో విడత భూసమీకరణపై, అంటే రైతు తన భూమి అప్పగించి బదులుగా ప్లాట్లు, కౌలు తీసుకునే పద్ధతిపై, పది రోజుల కిందట మీ పత్రికలో వచ్చిన వార్త చదివాను. ఎకరాకు ఎన్ని గజాలు, కౌలు ఎంత, ప్లాటు ఎప్పుడు చేతికొస్తుంది, అన్నీ రాశారు. పోయే పంట భూమికి బదులు పంట భూమి ఎక్కడ తయారు చేస్తారన్న మాట మాత్రం లేదు. తప్పు మీ విలేకరిది కాదు, అడిగేవాళ్లే లేరు.

రైతుకిచ్చే పరిహారం వేరు, నేల నష్టాన్ని పూడ్చడం వేరు. మొదటి విడతలో జరీబు (నీటి వసతి ఉన్న సారవంతమైన భూమి) ఎకరాకు 1,000 గజాల నివాస స్థలం, 450 గజాల వాణిజ్య స్థలం, పదేళ్లపాటు రూ.50,000తో మొదలై ఏటా పెరిగే కౌలు అన్నారు. అదంతా పట్టాదారుకి దక్కేది. 20, 30 అడుగుల్లో నీళ్లు పడి, పసుపు, అరటి, కంద, కూరగాయలు ఏడాది పొడవునా పండించిన నేలకి బదులు ఏమిటి? విజయవాడ, గుంటూరు మధ్య రాజధాని కడితే సాగు దెబ్బతింటుందని, రాజధాని స్థలంపై కేంద్రం వేసిన శివరామకృష్ణన్ కమిటీ 2014లోనే చెప్పింది. విన్నదెవరు?

చట్టంలో లేదా అంటే ఉంది. 2013 భూసేకరణ చట్టం 10వ సెక్షన్ ప్రకారం నీటి వసతితో ఒకటికి మించి పంటలు పండే భూమిని తప్పనిసరైతే తప్ప తీసుకోకూడదు. తీసుకుంటే అంతే విస్తీర్ణంలో సాగుకు పనికొచ్చే బంజరును అభివృద్ధి చేయాలి, లేదా ఆ భూమి విలువను వ్యవసాయంలో పెట్టుబడికి ప్రభుత్వం దగ్గర జమ చేయాలి. ఆ ‘లేదా’తోనే కథ ముగిసింది. డబ్బు జమైతే చాలు, బంజరు బంజరుగానే ఉంటుంది. రోడ్లు, రైల్వే లైన్లు, కాలువలకు మొదటి నుంచీ మినహాయింపే. అది చాలదన్నట్టు రెండు తెలుగు రాష్ట్రాలూ సవరణలు తెచ్చి, పారిశ్రామిక కారిడార్ల వంటి వాటిని ఈ సెక్షన్ ఉన్న అధ్యాయం నుంచే తప్పించే అధికారం చేతిలో పెట్టుకున్నాయి. ఇక సమీకరణ అయితే రైతు ఒప్పుకుని ఇచ్చేది, చట్టం లెక్కలో సేకరణే కాదు కాబట్టి ఈ సెక్షన్ దాని గడప తొక్కదు. ప్రైవేటు లేఅవుట్లకూ అంతే, రుసుం కడితే మాగాణి కాగితం మీద ఇళ్ల స్థలమైపోతుంది. అడవి భూమి తీసుకుంటే బదులు భూమి చూపాలి, మొక్కలు పెంచాలి, అందుకు కంపా అనే ప్రత్యామ్నాయ అటవీకరణ నిధి ఉంది. అన్నం పెట్టే నేలకి తప్పించుకోలేని అలాంటి నిబంధన లేకపోవడం అన్యాయం.

ఎకరాకు ఎకరా చూపినా సరిపోదు. చైనాలో 1998 నుంచి ఎంత సాగు భూమి పోతే అంత కొత్తగా తయారు చేయాలన్న చట్టం ఉంది. ఊరి పక్క చదునైన మాగాణి ఇచ్చి, కొండ వాలు చెక్కిన మెట్ల చేలు తెచ్చి లెక్క సరిపెట్టారు. చివరికి మంచి నేలకి మంచి నేలే, మాగాణికి మాగాణే చూపాలని విడిగా చెప్పాల్సి వచ్చింది.

అసలు పని పైమట్టితో మొదలవ్వాలి. ఎకరంలో పై ఆరంగుళాల మట్టి దాదాపు 600 ఘనపు మీటర్లు, అంటే మూడు ఘనపు మీటర్లు పట్టే ట్రాక్టర్ ట్రక్కులు 200. ఇవాళ లేఅవుట్లలో ఏం జరుగుతోంది? పొక్లెయిన్ దించి గట్లు తోసేసి, ఆ మట్టి మీదే గ్రావెల్ పోసి రోలర్ తిప్పుతారు. నెల తిరిగేసరికి ఆ గ్రావెల్‌ని చీల్చుకుని అరటి పిలకలు పైకొస్తుంటాయి. కింద ఎలాంటి నేల పూడ్చారో ఆ పిలకలే చెబుతాయి. గ్రావెల్ కలిసిన మట్టి మళ్లీ సాగుకి రాదు.

గ్రావెల్ పడకముందే పైమట్టి ఎత్తాలి. ఆరిన పదునులోనే ఎత్తాలి, తడి నల్లరేగడి మీద యంత్రం తిరిగితే గట్టిపడి వేరు దిగదు. కుప్ప రెండు మీటర్లు దాటకూడదు, నెలల తరబడి ఉంచాల్సి వస్తే మీద జనుమో పిల్లిపెసరో, ఏదో ఒక పచ్చిరొట్ట పైరు చల్లాలి. అవతల బంజరులో ముందు రాళ్లేరి, చదును చేసి, గట్లు వేసి, లోతు దుక్కి దున్నాకే ఆ మట్టి పరవాలి. చౌడైతే భూసార పరీక్ష చూసి జిప్సం వేయాలి, చవుడు కడగడానికి నీళ్లు, అవి బయటికి పోవడానికి మురుగు కాలువ ఉండాలి. కాలువ తవ్వకుండా జిప్సం ఒక్కటే చల్లితే డబ్బు దండగ. నీటి వసతి చూపకుండా మట్టి తోలినా అంతే. తెలంగాణలో మిషన్ కాకతీయ కింద చెరువుల పూడిక మట్టిని రైతులు సొంత ట్రాక్టర్ ఖర్చుతో చేలకు తోలుకున్నారు. రైతు చేయగలిగింది ప్రభుత్వం చేయలేదా?

కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. ఏ ఎకరం పోతోందో, దాని బదులు ఏ సర్వే నంబరో పక్కపక్కన రాసి గ్రామ సచివాలయం గోడకి అంటించాలి. మూడేళ్లు వరసగా ఈ-క్రాప్‌లో, అంటే ప్రభుత్వ ఆన్‌లైన్ పంట నమోదులో, అక్కడ పంట కనిపిస్తేనే బదులు ఇచ్చినట్టు లెక్కగట్టాలి. ఇళ్ల స్థలాలుగా మార్చే భూములపై వసూలు చేసే రుసుములన్నీ విడి ఖాతాలో వేసి ఈ పనికే ఖర్చు పెట్టాలి. ఎకరాలు పోయిన లెక్క గజాలతో సహా చెప్పే అధికారులు, ఎన్ని ఎకరాల బంజరు సాగులోకి తెచ్చారో ఎందుకు చెప్పరు? రెండో విడత సంతకాలకి ముందే ఆ జాబితా బయట పెట్టమనండి. మీ విలేకరిని కూడా అదే అడిగి రాయమని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, తెనాలి