చెడ్డపేరు తెచ్చుకున్నదా, అంటగట్టినదా?

సంపాదకులకు నమస్కారం.

ఏ ఊళ్లో దొంగతనం జరిగినా, దొరికినవాళ్లలో ఒక్కరిది స్టువర్టుపురం అని తెలిస్తే చాలు, 'స్టువర్టుపురం దొంగల ముఠా' అని శీర్షిక పెట్టడం మన పత్రికలకు అలవాటైపోయింది. కింద వార్తలో 'దొంగతనాలకు ప్రసిద్ధి చెందిన' అనో, 'పేరుమోసిన' అనో ఊరికి ఒక విశేషణం. ఎన్నో ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పినదాన్ని కాబట్టి ఆ మాటల గురించే రాస్తున్నాను.

'ప్రసిద్ధి' మంచికి వాడే మాట. వెంకటగిరి చీరలకు ప్రసిద్ధి, కొండపల్లి బొమ్మలకు ప్రసిద్ధి. 'పేరుమోసిన' అనే మాటను మా పెద్దవాళ్లు డాక్టర్లకూ, ప్లీడర్లకూ కూడా వాడేవాళ్లు. ఇప్పుడది పత్రికల్లో ఎక్కువగా రౌడీల పక్కనే కనిపిస్తోంది. సరే, మాటలు మారుతుంటాయి, దానితో నాకు పేచీ లేదు. నా బాధ వేరు. చెడ్డపేరు ఎవరి వల్ల వచ్చిందో చెప్పడానికి మన భాషలో వేరువేరు మాటలున్నాయి. వాటన్నిటినీ మనం ఒకే గాటన కట్టేస్తున్నాం.

అపకీర్తి మూటగట్టుకున్నాడు అంటే అది అతను చేసుకున్నదే. అప్రతిష్ఠ పాలయ్యాడంటే, అంతకుముందు ప్రతిష్ఠ ఉండి, దాన్ని పోగొట్టుకున్నాడని. అభాసుపాలు, నగుబాటు అన్నచోట నేరమేమీ ఉండక్కర్లేదు, నలుగురూ నవ్వితే చాలు. 'తలవంపులు' ఇంకో రకం. కొడుకు చేసిన పనికి తండ్రి తలదించుకోవడం. నింద, అపనింద, అభాండం మాత్రం వీటిలో చేరవు. ఇవి ఎదుటివాళ్లు మన మీద వేసేవి. తెలంగాణలో 'బద్నాం చేసిండ్రు' అన్నప్పుడు, కావాలని చేశారన్న బాధ ఆ మాటలోనే వినిపిస్తుంది.

నీలాపనింద సంగతి చెప్పనక్కర్లేదు, ఏటా వినాయక చవితినాడు అక్షింతలు పట్టుకుని ఆ కథ వింటాం. శమంతకమణి కోసం ప్రసేనుణ్ణి చంపాడన్న నింద కృష్ణుడి మీద పడింది. అడవికి వెళ్లి, జాంబవంతుడి దగ్గరున్న మణిని తెచ్చి సత్రాజిత్తు చేతిలో పెట్టేదాకా అది పోలేదు. కృష్ణుడికైతే తెచ్చి చూపించడానికి ఒక మణి ఉంది. పుట్టకముందే నింద పడ్డ పిల్లలు ఏం తెచ్చి చూపించాలి?

ఈ మాట ఊరికే అనడం లేదు. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో నేరస్త తెగల చట్టం తెచ్చింది. తర్వాత అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఫలానా కులంలో పుడితే చాలు, నేరస్తుల కింద లెక్క. ఆ చట్టం కిందే ఎరుకల కుటుంబాలను తెచ్చి బాపట్ల దగ్గర ఒక సెటిల్‌మెంటులో పెట్టారు. హెరాల్డ్ స్టువర్ట్ అనే అధికారి పేరు మీద అది స్టువర్టుపురం అయింది. మనుషులకు హాజరు వేసేవాళ్లు. అనుమతి లేకుండా ఊరు దాటడానికి లేదు. 1952లో ఆ చట్టం రద్దయింది. 'నేరస్త తెగలు' అన్న మాట పోయి 'విముక్త జాతులు' అన్న మాట వచ్చింది. ప్రభుత్వం కాగితాల్లో మాట మార్చింది. మన శీర్షికల్లో మాత్రం పాతదే నడుస్తోంది.

నేను పనిచేసిన ఒక బడిలో ఆ ఊరి అబ్బాయి ఉండేవాడు. ఏ ఊరు నాన్నా అంటే 'బాపట్ల దగ్గర మేడం' అని ఊరుకునేవాడు. ఒకరోజు క్లాసులో ఎవరిదో వాచీ పోయింది. మొదట వెతికింది వాడి సంచీనే. ఆ వాచీ సాయంత్రం గ్రౌండులో దొరికింది. వాడికి సారీ చెప్పినవాళ్లు లేరు. ఆరోజు నేనూ అక్కడే ఉన్నాను, గట్టిగా వద్దని అనలేకపోయాను. అది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. వాడు చెడ్డపేరు తెచ్చుకున్నాడని ఎలా అంటాం?

అక్కడ ఎవరూ తప్పు చేయలేదని నేను అనడం లేదు. చేసినవాళ్లు ఉన్నారు, శిక్షలూ పడ్డాయి. మహాకవి జాషువా కుమార్తె హేమలత, ఆమె భర్త లవణం ఆ కుటుంబాల మధ్య ఏళ్ల తరబడి పనిచేశారు, ఎందరినో నేరాల నుంచి బయటకు తెచ్చారు. 2018లో గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల వెయిట్‌లిఫ్టింగులో బంగారు పతకం తెచ్చిన రాగాల వెంకట రాహుల్‌ది ఆ ఊరే. ఊరికి ఇంతకంటే మంచిపేరు ఎవరు తెస్తారు? అయినా తర్వాతి దొంగతనం వార్తకి మళ్లీ అదే శీర్షిక.

నేను కోరేది పెద్దదేమీ కాదు. పట్టుబడిన మనిషి ఊరు, చిరునామా వార్తలో ఉండాల్సి వస్తే ఉండనివ్వండి, శీర్షికలోకి మాత్రం ఎక్కించకండి. కోర్టు తేల్చేదాకా అతను నిందితుడే. అంటే నింద మీద పడినవాడని మాత్రమే అర్థం. కాబట్టి అప్పటిదాకా 'దొంగ' అని రాయకండి. ఇక 'దొంగతనాలకు ప్రసిద్ధి' అన్న మాటను ఏ ఊరి పేరు పక్కనా వేయవద్దని మీ డెస్కులో పనిచేసేవాళ్లందరికీ చెప్పండి.

ఇట్లు
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని,
చీరాల