మేయర్‌ను మార్చారు, మమ్మల్ని అడిగారా?

రాష్ట్ర పురపాలక శాఖ మంత్రి గారికి,

విశాఖపట్నం నుంచి ఒక ఓటరు నమస్కరించి రాయునది.

అయ్యా, ఇదే విషయం మీద మా కాలనీవాళ్లం సంతకాలు పెట్టి పంపిన అర్జీలకు ఇంతవరకు జవాబు లేదు. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను.

2025 ఏప్రిల్ 19న మా విశాఖ వైఎస్సార్సీపీ మేయర్ మీద 74 ఓట్లతో అవిశ్వాసం నెగ్గింది. 28న పోటీ లేకుండానే కొత్త మేయర్ వచ్చేశారు. పాత మేయర్ వచ్చి నాలుగేళ్లు నిండాయి, మూడింట రెండొంతుల బలం ఉంది, చట్ట ప్రకారమే జరిగింది అంటారు. కాదనను.

కానీ 2021 మార్చిలో 98 వార్డుల్లో 58 వైఎస్సార్సీపీకి ఇచ్చింది మేమే కదా? 2024లో రాష్ట్రంలో ప్రభుత్వం మారగానే, ఆ గుర్తు మీద గెలిచినవాళ్లలో చాలామంది కండువాలు మార్చేశారు. తప్పు ఒక్క పార్టీదని నేననను, రెండు వైపులా క్యాంపులు పెట్టారు. కార్పొరేటర్లను బస్సులు, విమానాలు ఎక్కించి హోటళ్లలో దాచారు. మా కార్పొరేటర్ ఫోన్ రోజుల తరబడి స్విచాఫ్. ఇంటికి వెళ్తే "సారు ఊళ్లో లేరండీ" అన్నారు. ఎప్పుడొస్తారంటే ఇంట్లోవాళ్లకే తెలియదు. మేం ఓటేసి పంపిన మనిషి ఎక్కడున్నాడో మాకు తెలియకపోవడమేంటండీ? ఎవరికి ఓటేస్తారో సరే, ఎందుకు వేస్తున్నారో కూడా ఒక్కరూ వార్డుకొచ్చి చెప్పలేదు. ఇంతా చేసి, కొత్త మేయర్‌కి మిగిలింది 2026 మార్చి దాకానే. ఏడాది కూడా లేదు!

2002లో హైదరాబాద్ మేయర్‌ని జనమే నేరుగా ఎన్నుకున్నారు. ఇక్కడ ఎందుకు కుదరదు? నేరుగా ఎన్నిక పెట్టండి. మేయర్‌ని దించాలనుకుంటే ఆ మాట మమ్మల్నే అడగండి. పార్టీ మారినవాళ్ల చేత రాజీనామా చేయించి మళ్లీ మా దగ్గరికి పంపండి. దండం పెట్టి అడుగుతున్నాను.

ఇంకో భయం కూడా ఉంది. 2012లో కౌన్సిల్ గడువు తీరాక మళ్లీ ఎన్నికలు జరిగింది 2021లో. తొమ్మిదేళ్లు మాకు మేయరూ లేరు, కార్పొరేటరూ లేరు, అంతా ప్రత్యేకాధికారుల పాలనే. 2026 మార్చి తర్వాత కూడా అలాగే వదిలేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది. మిగతావాటికి టైమ్ పడుతుందంటే సరే, ఎన్నికలు ఎప్పుడు పెడతారో ఆ తేదీ అయినా చెప్పండి.

ఇట్లు,
విశాఖ ఓటరు