చార్టు మూసేసి స్కేలు తెరువు

అమ్మలూ,

మొన్న ఫోన్లో "కార్డులు గుర్తుండట్లేదు నాన్నా, చార్టులో ఎన్ని ఉన్నాయో చూశావా" అన్నప్పుడు నీ గొంతులో విసుగు తెలిసింది. అప్పటినుంచి అదే ఆలోచిస్తున్నాను. ఆ చార్టు తీసి పక్కన పెట్టు. నీకు సి మేజర్ స్కేలు వచ్చు కదా, ఆ ఏడు స్వరాల్లోనే ఏడు కార్డులున్నాయి. కార్డంటే కొన్ని స్వరాల్ని కలిపి ఒకేసారి వాయించడం, అంతే. వాటిని ఎలా తీయాలో రాస్తున్నాను. కీబోర్డు ముందు కూర్చుని, వాయిస్తూ చదువు.

ముందు స్కేలు. సి, డి, ఇ, ఎఫ్, జి, ఎ, బి. మన సంగీతంలో శంకరాభరణం అనేది ఈ స్వరాలనే. తెల్ల మెట్లన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి గానీ వాటి మధ్య దూరాలు ఒకటి కావు. నల్లదైనా తెల్లదైనా సరే, ఆనుకుని ఉన్న మెట్టుకి వెళ్తే ఒక అడుగు అనుకో. సి నుంచి డికి రెండు అడుగులు. ఇ నుంచి ఎఫ్‌కి ఒక్కటే, బి నుంచి పై సికీ ఒక్కటే. ఆ రెండు చోట్లా మధ్యలో నల్ల మెట్టు లేదు. 2, 2, 1, 2, 2, 2, 1. ఎక్కడ మొదలుపెట్టినా మేజర్ స్కేలంటే ఈ వరసే. ఆ రెండు ఇరుకు చోట్లని గట్టిగా గుర్తుపెట్టుకో, కథంతా వాటిదే.

ఇప్పుడు ఒక స్వరం పట్టుకో, పక్కది వదిలెయ్, తర్వాతది పట్టుకో, మళ్లీ ఒకటి వదిలి ఇంకొకటి పట్టుకో. సి, ఇ, జి. ఇది సి మేజర్. చెయ్యి అలాగే ఉంచి ఒక స్వరం పైకి జరుపు. డి, ఎఫ్, ఎ. వేళ్లు మారలేదు, కానీ ధ్వని మారిపోయింది, విన్నావా? మొదటిదాంట్లో వెలుగుంది, రెండోదాంట్లో కాస్త దిగులుంది. అడుగులు లెక్కపెట్టు. సి నుంచి ఇకి 4, ఇ నుంచి జికి 3. డి నుంచి ఎఫ్‌కి 3, ఎఫ్ నుంచి ఎకి 4. రెండిట్లోనూ మొత్తం ఏడే. మధ్య స్వరం ఒక్క అడుగు కిందికి దిగిందంతే, మేజర్ మైనర్ అయింది. దిగడానికి కారణం ఇ, ఎఫ్‌ల మధ్య ఉన్న ఆ ఇరుకే. ఇన్నేళ్లు వాయించాక కూడా నాకిది ఆశ్చర్యంగానే ఉంటుంది.

అలాగే పైదాకా వెళ్లు. స్కేల్లో ఎన్నో స్వరం మీద మొదలైతే అది అన్నో కార్డు. ఒకటి, నాలుగు, ఐదు మేజర్లు. రెండు, మూడు, ఆరు మైనర్లు. మిగిలింది ఏడోది. బి, డి, ఎఫ్. ఇక్కడ 3, మళ్లీ 3, మొత్తం ఆరే అడుగులు. దీన్ని డిమినిష్డ్ అంటారు. ఒంటరిగా వింటే ఎక్కడా నిలబడలేని ధ్వని. దాన్ని చూసి భయపడకు, దాని అవసరం ఇప్పుడే వస్తుంది.

సి, ఇ, జి అంత హాయిగా ఎందుకు కలుస్తాయని నువ్వు చిన్నప్పుడు అడిగావు, నేను సరిగ్గా చెప్పలేదు. ఆ మూడూ శుద్ధంగా పలికితే, సి నాలుగుసార్లు కంపించే లోపు ఇ ఐదుసార్లు, జి ఆరుసార్లు కంపిస్తాయి. 4, 5, 6. ఇంత చిన్న లెక్కని చెవి ఇట్టే పట్టుకుంటుంది. నీ కీబోర్డులో 12 అడుగులూ సమానంగా పంచేశారు కాబట్టి ఇ ఒక్క పిసరు పైకి ఉంటుంది. ఆ సర్దుబాటు వల్లే ఏ స్కేల్లోనైనా వాయించగలుగుతున్నాం.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఐదో కార్డు. జి, బి, డి. దాని మీద ఇంకొకటి వదిలి ఎఫ్ కూడా కలుపు. దీన్నే జి సెవెన్ అంటారు. పైన ఉన్న మూడూ చూడు, బి, డి, ఎఫ్, ఇందాకటి ఏడో కార్డే! ఆ అస్థిరతంతా ఇందులోకి వచ్చి చేరింది. దాని తర్వాత సి మేజర్ వాయించు. బి ఒక్క అడుగు పైకెక్కి సికి చేరుతుంది, ఎఫ్ ఒక్క అడుగు దిగి ఇకి చేరుతుంది. స్కేల్లో ఇరుకుగా ఉన్న చోట్లు రెండే అన్నాను కదా, రెండూ ఒకేసారి మూసుకున్నాయి. పాట చివర ఇంటికొచ్చినట్టు అనిపించేది ఇందుకే. ఇది పదిసార్లు వాయించు, తొందరపడకు.

నేనూ చాలా ఏళ్లు చార్టు చూసే నేర్చుకున్నాను. ఒకసారి పాడే అమ్మాయి శ్రుతి ఎక్కువైంది, సి నుంచి ఎకి దించమంది. పాటలో ఉన్నవి సి, ఎ మైనర్, ఎఫ్, జి, నాలుగే కార్డులు. నా చేతులు కదల్లేదు. ఆ అమ్మాయి నిలబడే ఉంది. ఆ రోజు బాధ నాకింకా గుర్తుంది. వాటిని ఒకటి, ఆరు, నాలుగు, ఐదు అని నేర్చుకుని ఉంటే ఎ స్కేల్లో ఎ, ఎఫ్ షార్ప్ (ఎఫ్‌కి ఒక అడుగు పైనున్న నల్ల మెట్టు) మైనర్, డి, ఇ అని క్షణంలో దొరికేవి. అందుకే నీకు పేర్లకన్నా ముందు అంకెలు అలవాటవ్వాలని నా తాపత్రయం.

ఈ వారం జి మేజర్ తీసుకో. జి, ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్ షార్ప్. ఏడు కార్డులూ నువ్వే కట్టి కాగితం మీద రాయి. ఎఫ్ వచ్చిన ప్రతిచోటా షార్ప్ ఉండాలి, ముఖ్యంగా మూడు, ఐదు, ఏడు కార్డుల దగ్గర చూసుకో. ఆదివారం ఫోన్ చేసినప్పుడు స్పీకర్ ఆన్ చేసి, ఐదో కార్డుకి నాలుగో స్వరం కలిపి వాయించు. అది ఒకటో కార్డుకొచ్చి ఆగేదాకా నేనేమీ మాట్లాడను, వింటూ ఉంటాను.

ప్రేమతో,
నాన్న