వార్షిక నివేదిక: కేటలాగులో దొరికిన లోపం

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ నివేదిక కొత్తగా కొన్న పుస్తకాలతో మొదలవుతుంది. ఈసారి మన గ్రంథాలయం ఆన్‌లైన్ కేటలాగు సంగతి ముందు చెప్పాలి.

వేసవి సెలవుల్లో ఒక సాయంత్రం డిగ్రీ చదివే సభ్యురాలు ఒకమ్మాయి ఫోన్ పట్టుకుని కౌంటర్ దగ్గరికి వచ్చింది. "అంకుల్, ఇది నా అకౌంట్ కాదు, మీది" అంది. చూస్తే నా పేరు, ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు, వాటి కింద గడువు దాటినా నేను తిరిగివ్వని రెండు పుస్తకాలు. తన పాస్‌వర్డ్‌తోనే లాగిన్ అయి, బ్రౌజర్‌లో పైన కనిపించే సభ్యత్వ నంబరులో చివరి అంకె మార్చిందట. అంతే.

మనం వాడేది కోహా. న్యూజిలాండ్‌లోని హోరోఫెనువా గ్రంథాలయాల కోసం 1999లో రాయడం మొదలుపెట్టి, 2000 జనవరిలో వాడకంలోకి తెచ్చిన ఉచిత సాఫ్ట్‌వేర్. మావోరీ భాషలో ఆ మాటకు కానుక అని అర్థం. తప్పు కోహాది కాదు, మనదే. ఫోన్‌లో బాగా కనిపిస్తుందని 'నా పుస్తకాలు' పేజీని విడిగా రాయించుకున్నాం. వచ్చినవారు సభ్యులేనా అని అది చూస్తోంది గానీ, అడిగిన ఖాతా వారిదేనా అని చూడటం లేదు. లాడ్జిలో పేరు రాయించుకుని, ఏ గది తాళం అడిగితే ఆ తాళం ఇచ్చేసినట్టు. వెబ్ భద్రత మీద పనిచేసే ఓవాస్ప్ సంస్థ వేసే ముఖ్యమైన లోపాల జాబితాలో 2017లో ఐదో స్థానంలో ఉన్న ఈ రకం లోపాలు 2021లో మొదటి స్థానానికి వచ్చాయి.

ఆ రాత్రే పేజీ మూసేశాం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే ఇద్దరు సభ్యులు ఆదివారాలు కూర్చుని సరిచేశారు. ఇప్పుడు బ్రౌజర్ పంపే నంబరును పేజీ నమ్మదు, లాగిన్ అయినవారెవరో సర్వరే చూసుకుంటుంది. ఉత్తుత్తి సభ్యులిద్దరిని సృష్టించి పరీక్షిస్తే, పక్కవారి వివరాలు కనబడటం ఆగింది గానీ రెన్యువల్ బటన్ మాత్రం పక్కవారి పుస్తకానికీ పనిచేసింది! దాన్నీ సరిచేయడానికి ఇంకో ఆదివారం పట్టింది.

తవ్వుతుంటే ఇంకోటి బయటపడింది. కౌంటర్ వాలంటీర్లందరికీ ఒకే లాగిన్, అదీ అన్ని పనులకూ అధికారమిచ్చే సూపర్‌లైబ్రేరియన్ అనుమతితో. పాస్‌వర్డ్ కాగితం కీబోర్డు కింద. పని త్వరగా అవుతుందని అలా ఇచ్చింది నేనే. ఇప్పుడు ఎవరి లాగిన్ వారిది. పుస్తకాలు ఇవ్వడం, తీసుకోవడం వరకే వారికి అనుమతి. కోహాకు ఏటా మే, నవంబరుల్లో కొత్త వెర్షన్ వస్తుంది, మధ్యలో భద్రతా సవరణలూ వస్తాయి. వాటిలో మనం బాగా వెనకబడ్డాం. బ్యాకప్ తీసి అప్‌డేట్ చేశాం.

ఏ పేజీ ఎప్పుడు తెరిచారో నమోదయ్యే సర్వర్ లాగ్‌లు నాలుగు వారాలవే మిగిలాయి. వాటిలో ఆ అమ్మాయి ప్రయత్నం తప్ప ఇంకేమీ కనబడలేదు. అంతకు ముందు ఎవరైనా చూశారేమో చెప్పలేం.

ఈ సంగతి సభ్యులకు చెప్పాలా వద్దా అని కమిటీలో గట్టిగానే వాదన జరిగింది. ఊరికే టెన్షన్ పెట్టడం ఎందుకన్నారు కొందరు. పాత రోజుల్లో రిజిస్టరు కౌంటర్ మీదే ఉండేది, ఎవరైనా తల వంచి చదివేవారు కదా అన్నారు. నిజమే, కానీ చదవాలంటే అక్కడిదాకా రావాలి, పదిమందీ చూస్తారు. ఒకరు విడాకుల చట్టం పుస్తకం తీసుకెళ్తారు, ఇంకొకరు తాగుడు మాన్పించే పుస్తకం. పక్కింటివాళ్లకు ఆ సంగతి ఎందుకు? చివరికి అందరికీ ఉత్తరాలు పంపాం. తిరిగిచ్చిన పుస్తకాల చరిత్ర ఉంచాలో చెరిపేయాలో ఇకపై ఎవరి ఖాతాలో వారే ఎంచుకోవచ్చు.

మిగతా పనులు: రీడింగ్ రూమ్ పైకప్పు కారడం ఆగింది. నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు ఎప్పటిలాగే జరిపాం. పుట్టిన తేదీనే పాస్‌వర్డ్‌గా ఉంచుకున్నవారు ఈ రోజు వెళ్లేలోపు కౌంటర్ దగ్గర మార్చుకోండి.

ఇక జమాఖర్చులు కోశాధికారి గారు చదువుతారు. ఆలస్య రుసుముల పద్దులో నా రసీదు కూడా ఉంది.

— కార్యదర్శి