తనిఖీ గుర్రపుశాలకా, గుర్రానికా?

సంపాదకులకు నమస్కారం.

ఒక గుర్రపుశాలలో జరిగిన తనిఖీని ఆమధ్య దగ్గరుండి చూశాను. వచ్చిన అధికారి గది కొలతలు రాసుకున్నారు, నీళ్ల తొట్టి చూశారు, టీకాల రిజిస్టరు తిరగేశారు. అన్నీ సక్రమంగానే ఉన్నాయి. ఆ గదిలోనే ఒక గుర్రం తలుపు దగ్గర నిలబడి, బరువును ఒక కాలి మీది నుంచి మరో కాలి మీదికి మార్చుకుంటూ ఎడతెగకుండా ఊగుతోంది. ఆయన దాని గిట్ట ఒక్కటి కూడా ఎత్తి చూడలేదు. ‘సంతృప్తికరం’ అని రాసి వెళ్లిపోయారు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడడం లేదు.

ఆ ఊగడాన్ని దురలవాటు అనుకుని సరిపెట్టుకుంటారు. తోటి గుర్రాలకు దూరంగా, గంటల తరబడి నాలుగు గోడల మధ్య నిలబెట్టినప్పుడు కనిపించే లక్షణం అది. గుర్రం గుంపులో బతికే జీవి. స్వేచ్ఛగా వదిలితే రోజులో సగానికి పైగా మేస్తూనే గడుపుతుంది. మేత లేకపోయినా దాని కడుపులో ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. పూటకింత దాణా పెట్టి మిగతా సమయమంతా ఖాళీ కడుపుతో ఉంచితే పుండ్లు పడతాయి. పైకి మాత్రం ఒళ్లు నిగనిగలాడుతూనే ఉండవచ్చు.

పైగా గుర్రం నొప్పిని దాచుకుంటుంది. వేటాడే మృగాలకు ఎరగా బతికిన జాతి కదా, బలహీనత బయటపెడితే ప్రాణానికే ముప్పు. అందుకే చూడడం తెలిసినవాళ్లు కావాలి. బిగుసుకుని వెనక్కి తిరిగిన చెవులు, ముడుచుకున్న కళ్లు, బిగబట్టిన దవడ, ముక్కుపుటాలు వంటి ఆరు కవళికలతో నొప్పిని అంచనా వేసే కొలమానాన్ని పరిశోధకులు 2014లోనే ప్రచురించారు. పక్కటెముకలు, మెడ, తోక మొదలు తడిమి ఒంటి పుష్టికి 1 నుంచి 9 వరకు అంకె వేసే పద్ధతి 1983 నుంచీ ఉంది. వీటికి యంత్రాలు అక్కరలేదు, శిక్షణ పొందిన చేయి, కాస్త ఓపిక చాలు.

ఖర్చు భరించలేమని యజమానులు అంటారు. గిట్టలను ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి చెక్కించడానికి ఖర్చవుతుంది, నిజమే. కానీ ఎండుగడ్డిని వలసంచిలో పెట్టి రోజంతా అందేలా చూడడానికి, పక్క గుర్రాన్ని ముక్కుతో తాకగలిగేలా అడ్డుగోడ ఎత్తు తగ్గించడానికి ఎంత అవుతుంది?

తనిఖీలు ముందుగా చెప్పకుండా జరగాలి. కళ్లెం ఒరిసే నోటి మూలలు, జీను కింద వీపు, నాలుగు గిట్టలు చూడాలి. గుర్రాన్ని నడిపించి చూడాలి. మేతకూ మేతకూ మధ్య ఎన్ని గంటలు ఖాళీగా ఉంటోందో, తోటి గుర్రాలతో ఎంతసేపు గడుపుతోందో అడిగి రాయాలి. నివేదికలో మొదటి పేజీ దీనికే కేటాయించాలని, గది కొలతలు ఆ తర్వాతే రావాలని సంబంధిత అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు